ముట్టుకోవచ్చు

హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్‌కు దక్షిణాన నౌబత్ పహాడ్, కాలాపహాడ్ అని జంట గుట్టలున్నాయి. వెనకటి పాలకులు తమ ఫర్మానాలను నగారాలు మోగించి ఈ గుట్టల మీది నుంచే జనానికి వినిపించేవారని చెబుతారు. ఇప్పుడు అక్కడ ఒక పక్క 1976లో వెలసిన తెల్ల పాలరాతి వేంకటేశ్వరాలయం ఉంది. కొద్ది దూరంలో 1985లో తెరిచిన ప్లానెటేరియం, 1990లో దానికి తోడైన సైన్సు మ్యూజియం ఉన్నాయి. ఇవన్నీ బిర్లాలు కట్టించినవే. జిల్లాల నుంచి వచ్చే విహారయాత్ర బస్సులు ఒకే పూటలో అన్నీ చూపించి వెళ్లిపోతాయి. నుదుట కుంకుమతో వచ్చిన పిల్లలు చీకటి గదిలో కూర్చుని నక్షత్రాల గురించి వింటారు. ఇందులో వైరుధ్యం ఉందని హేతువాదులు, ఏమీ లేదని భక్తులు అంటారు. రెండు మాటల్లో దేన్నీ పరీక్షించకుండా ఒప్పుకోనక్కర్లేదు.

ముందు మొదటి మాట చూద్దాం. గుడిలో నమ్ముతాం, మ్యూజియంలో తెలుసుకుంటాం అంటారు. నిజంగా అంతేనా? ప్లానెటేరియంలో దీపాలు ఆరాక ఒక గొంతు వినిపిస్తుంది. ఫలానా నక్షత్రం నుంచి బయలుదేరిన కాంతి మన కంటికి చేరడానికి ఇన్ని వందల ఏళ్లు పట్టిందంటుంది. మనం ఒప్పుకుంటాం. ఆ దూరాన్ని మనం కొలిచామా? లేదు. కొలిచినవారిని చూశామా? అదీ లేదు. ఆ గొంతు మీద, దాని వెనకున్న సంస్థ మీద మనకు గురి. న్యాయదర్శనం వాళ్లు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానాలతో పాటు శబ్దాన్ని, అంటే నమ్మదగినవారి మాటను కూడా ప్రమాణంగా ఒప్పుకున్నారు. ప్లానెటేరియంలో మనకు అందేది ఆ నాలుగో ప్రమాణమే. అర్చకుడు స్థలపురాణం చెబితే తలూపే మనసూ ఇక్కడ తలూపే మనసూ చూడబోతే ఒకటే. కాబట్టి తేడా ఏదైనా ఉంటే అది వినేవాడి మనసులో కాక మరెక్కడో ఉండాలి.

చెప్పిన మాట నుంచి దాని ఆధారం దాకా వెనక్కి నడిచే దారి ఉందా, లేదా అన్న చోట ఆ తేడా ఉందేమో చూద్దాం. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోంది. అందువల్ల ఆరు నెలల ఎడంతో చూస్తే, దగ్గరి నక్షత్రం దూరపు నక్షత్రాల మధ్య రవ్వంత జరిగినట్టు కనిపిస్తుంది. 1838లో బెస్సెల్ 61 సిగ్ని అనే నక్షత్రం విషయంలో ఆ జరుగుడును కొలిచి, దాని దూరం లెక్కగట్టాడు. మంచి దుర్భిణి, ఓపిక ఉన్నవారెవరైనా అదే పని మళ్లీ చేయవచ్చు. ఆ ఫలితం నచ్చనివాడు చేసినా అదే అంకె వస్తుంది. దీనికి భక్తుడి జవాబు కూడా వినాలి. మా దారీ తెరిచే ఉంది, సాధన చేయండి, మీకూ అనుభవం కలుగుతుంది అంటాడాయన. ఇది తోసిపారేయదగ్గ మాట కాదు. ఎందరో నిజాయతీపరులు తమ జీవితాన్నే పణంగా పెట్టి ఈ మాట అన్నారు. అయితే అక్కడ ఫలితం రాకపోతే లోపం సాధకుడిదే అవుతుంది, ప్రతిపాదనకు ఎన్నడూ అంటదు. కొలత తప్పినప్పుడు మాత్రం తప్పు కొలిచినవాడిదీ కావచ్చు, సిద్ధాంతానిదీ కావచ్చు. తాను ఓడిపోయే అవకాశాన్ని సిద్ధాంతం ముందే ఒప్పుకుని బరిలోకి దిగింది. ప్రస్తుతానికి ఈ తేడాను పట్టుకుని ముందుకు పోదాం.

ఇలాంటి మ్యూజియంలలో తరచుగా కనిపించే పరికరం ఒకటుంది. రెండు శంకువులను అడుగుకు అడుగు అతికించి, రెండు పట్టాల మీద పెడతారు. పట్టాలు ఒక కొసన ఎత్తుగా ఉంటాయి, ఆ కొసకు పోయేకొద్దీ వాటి మధ్య ఎడం పెరుగుతుంది. పల్లపు కొసన పెట్టి వదిలితే ఆ జంట శంకువు ఎత్తుకు దొర్లిపోతుంది! పిల్లలు కేరింతలు కొడతారు. పెద్దవాళ్లు అయస్కాంతం దాచారేమోనని కిందికి వంగి చూస్తారు (వయసు పెరిగేకొద్దీ మనకు మోసం మీద గురి ఎక్కువవుతుంది). అసలు సంగతి ఏమిటంటే, పట్టాలు ఎడమయ్యేకొద్దీ శంకువు వాటి మధ్యకు దిగిపోతూ ఉంటుంది. పక్కన నిలబడి దాని ఇరుసు ఎత్తును స్కేలుతో కొలిస్తే, అది అడుగడుగునా కిందికే పోతోందని తేలుతుంది. ప్రత్యక్షం తప్ప మరో ప్రమాణం లేదన్న చార్వాకుడిని ఈ శంకువు కాస్త ఇరకాటంలో పెడుతుంది. అలాగని కళ్లను నమ్మలేం కాబట్టి దివ్యదృష్టి కావాలనేవారికీ ఇది సాయపడదు. పొరపాటు దిద్దుకోవడానికి మనకు కొత్త కళ్లు అవసరం కాలేదు. పాత కళ్లనే కొంచెం పక్కకు జరిపి, చేతికి ఒక స్కేలు ఇస్తే సరిపోయింది.

ఇంత మెచ్చుకున్నాక ఒక అనుమానం కూడా చెప్పుకోవాలి. మీట నొక్కడం ప్రయోగం చేయడం కాదు. మ్యూజియంలో పరికరం తయారుచేసినవాడికి జవాబు ముందే తెలుసు. ఎవరు నొక్కినా ఆ జవాబే వచ్చేలా దాన్ని అమర్చాడు. ప్రశ్న కూడా అతనిదే. పిల్లవాడు ఒక మీట నొక్కి, దీపం వెలిగేలోగా రెండో మీట దగ్గరకు పరుగెత్తుతాడు. అతని వెనక మరో ఇరవై మంది ఉన్నారు, టీచరు ఈల వేస్తోంది, బస్సు బయట ఆగి ఉంది.

భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని చూపే లోలకం సంగతే తీసుకుందాం. 1851లో ఫూకో పారిస్‌లోని పాంథియోన్ గోపురం నుంచి 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు కట్టి వేలాడదీశాడు. గుండు ఊగే దిశ గంటలు గడిచేకొద్దీ మెల్లగా పక్కకు జరుగుతూ వచ్చింది. నిజానికి తిరిగింది లోలకం కాదు, దాని కింది నేల. ధ్రువం దగ్గర ఆ దిశ ఒక రోజులో పూర్తి చుట్టు తిరుగుతుంది, భూమధ్యరేఖ మీద అసలు తిరగదు. ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనంలోని రాజ్యాంగ మందిరంలో 2023లో వేలాడదీసిన లోలకానికి దాదాపు 50 గంటలు పడుతుంది. భూమధ్యరేఖకు ఇంకా దగ్గరగా ఉన్న హైదరాబాద్‌లో ఎవరైనా కడితే లెక్క ప్రకారం సుమారు 80 గంటలు, అంటే గంటకు నాలుగున్నర డిగ్రీలు. ఒక తరగతి పిల్లలు దాని ముందు నిలబడేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఒక్క డిగ్రీ కూడా జరగదు. గైడు ఇది భూభ్రమణాన్ని రుజువు చేస్తుంది అంటాడు, పిల్లలు నోటుపుస్తకంలో రాసుకుంటారు. కళ్లెదుట లోలకం ఊగుతుండగానే వాళ్లు మళ్లీ శబ్దప్రమాణం దగ్గరకే చేరారు. చేత్తో ముట్టుకోవడం అవసరమే గానీ, దానికి తోడు కాలం కూడా ఇవ్వకపోతే చెయ్యి నేర్చుకునేది చాలా తక్కువ. మన విద్యావ్యవస్థ పిల్లలకు అన్నిటికంటే తక్కువ ఇచ్చేది కాలాన్నే.

అయినా ముట్టుకోనివ్వడం చిన్న సంగతి కాదు, ముఖ్యంగా మన దగ్గర. పాత మ్యూజియంలలో వస్తువులను తాకరాదు అన్న బోర్డు ఉంటుంది. ఇంటా బయటా అలాంటి బోర్డులు రాయకుండానే వేలాడుతుంటాయి. మడి కట్టుకున్న నాయనమ్మను తాకకూడదు. నెలసరి రోజుల్లో ఊరగాయ జాడీ ముట్టుకోకూడదు. ఊరి బావిని, గుడి గడపను, హోటల్లో గ్లాసును తాకకూడని మనుషులు ఉండేవారు. రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేశాక కూడా రెండు గ్లాసుల పద్ధతి గురించి వింటూనే వచ్చాం. ఎవరు దేన్ని ముట్టుకోవచ్చు అన్న లెక్క మీద తరాల తరబడి నడిచిన సమాజంలో, ఒక బడి పిల్లలందరికీ ఒకే పిడిని అందించి తిప్పి చూడమనడం సైన్సు పాఠం కంటే ముందు నేర్వవలసిన పాఠం. ఊరగాయ సంగతినీ ఇదే చేత్తో తేల్చుకోవచ్చు. ఒకే రోజు కలిపిన ఆవకాయను రెండు జాడీల్లో పెట్టి, ఒకదాన్ని ఎవరు ఎప్పుడైనా శుభ్రమైన పొడి గరిటెతో తీసుకునేలా, రెండోదాన్ని పాత నియమం ప్రకారం వాడి చూస్తే చాలు. బూజుకు కావలసింది తడి. ఎవరి చెయ్యి అన్నది దానికి పట్టదు. ఈ పరీక్షకు ఖర్చు లేదు. ఇన్ని తరాలుగా ఎన్ని ఇళ్లలో దీన్ని చేసి చూశారు? చేయనివ్వకపోవడమే ఆ నియమానికి బలమేమో కూడా ఆలోచించాలి. ఇంతా చేసి, మ్యూజియంలో ఒకే పిడి పట్టుకున్న పిల్లలు బయట చెట్టు కింద అన్నం డబ్బాలు వేర్వేరు గుంపులుగా విప్పితే, ఆ పిడి వాళ్లకు ఏం నేర్పినట్టు? ఈ ప్రశ్నకు మ్యూజియం ఒక్కటే జవాబు చెప్పుకోలేదు.

చేత్తో చేసి చూసే మ్యూజియం అనగానే ప్రపంచమంతా తలచుకునేది 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ఎక్స్‌ప్లొరటోరియంను. (మన కోల్‌కతాలో బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం అంతకు పదేళ్ల ముందే, 1959లో తెరుచుకుంది. ఆ సంగతి మనమే తక్కువగా చెప్పుకుంటాం.) ఎక్స్‌ప్లొరటోరియం స్థాపకుడు ఫ్రాంక్ ఒపెన్‌హైమర్, అణుబాంబు తయారీకి నాయకత్వం వహించిన రాబర్ట్ ఒపెన్‌హైమర్ తమ్ముడు. తమ్ముడూ ఆ పథకంలో పనిచేశాడు. 1945లో ఎడారిలో జరిగిన తొలి పరీక్షను దగ్గరుండి చూశాడు. తర్వాత, ఒకప్పటి కమ్యూనిస్టు సభ్యత్వం బయటపడి 1949లో విశ్వవిద్యాలయ ఉద్యోగం పోయింది. కొలరాడోలో పశువులు పెంచుకుంటూ ఏళ్లు గడిపాడు, ఒక చిన్న ఊరి హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. ఆ పాఠాలే చివరకు మ్యూజియంకు దారితీశాయి. మ్యూజియంలో ఎవరూ ఫెయిల్ కారు అన్న భావం ఆయనదిగా ప్రచారంలో ఉంది. మార్కులు, ర్యాంకుల హోర్డింగుల కింద పెరుగుతున్న మన పిల్లలకు ఈ ఒక్క భావం కోసమైనా మ్యూజియం అవసరం. విచిత్రం ఏమిటంటే, మనం అక్కడికి తీసుకెళ్లిన పిల్లలతోనూ మార్కుల కోసం ప్రాజెక్టు రిపోర్టు రాయిస్తాం.

ఈ కథలో మనకు పనికివచ్చే చిక్కు ఒకటుంది. అదే చేతులు, అదే బుద్ధి మొదట బాంబుకు, తర్వాత పిల్లల ఆటవస్తువులకు పనిచేశాయి. రెండు చోట్లా కొలతలు సరిగ్గానే ఉన్నాయి, ప్రయోగాలు సఫలమే అయ్యాయి. అంటే కొలతలు సరిగ్గా ఉన్నంత మాత్రాన మనిషి చేసే పని మంచిదైపోదు. అయితే మంచిచెడ్డలు మతం చూసుకోవాలి, వాస్తవాలు సైన్సు చూసుకోవాలి అని పంచుకుంటే సరిపోతుందా? ఈ పంపకం వినడానికి హాయిగా ఉంటుంది గానీ పరీక్షకు నిలవదు. అంటరానితనం మంచిదే అనడానికి మతాన్ని వాడుకున్నవారున్నారు, తప్పు అనడానికీ వాడుకున్నవారున్నారు. ఇద్దరిలో ఎవరి వైపు నిలవాలో ఎంచుకున్నది గ్రంథం కాదు, చదివినవాడి అంతరాత్మ. ఆ అంతరాత్మ కూడా గాలిలోంచి ఊడిపడలేదు. ఎదుటివాడి బాధను చూసి, మన నమ్మకం ఆ బాధకు కారణమేమోనని అడగగలిగినప్పుడే అది పనిచేస్తుంది. అడగడం ఆగిన చోట అంతరాత్మ పాత అలవాటుకు మారుపేరైపోతుంది.

మళ్లీ మ్యూజియంలోకి వద్దాం. నౌబత్ పహాడ్ మీది మ్యూజియంలో అందరూ ఫొటోలు దిగేది రాక్షసబల్లి అస్థిపంజరం దగ్గర. దాని శాస్త్రీయ నామం కోటసారస్ యామనపల్లియెన్సిస్. ప్రాణహిత లోయలోని కోట గ్రామం పేరుతో పిలిచే శిలల వరసలో, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికింది కనుక ఆ పేరు. 1970ల చివర జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారు అక్కడ తవ్వి దాదాపు 840 ఎముకలు, ఎముకల భాగాలు బయటికి తీశారు. ఆ సంస్థలో పనిచేసిన యాదగిరి 1988లో దాన్ని కొత్త జంతువుగా వర్ణించి పేరు పెట్టారు. పొడవు సుమారు 9 మీటర్లు. నాలుగు కాళ్ల మీద నడుస్తూ ఆకులలములు తిన్న జీవి. అదే గోదావరి లోయలో ఇంకా కిందనున్న, ఇంకా పాతవైన పొరలు సింగరేణి బొగ్గు ఇస్తున్నాయి. ఆ నేల చరిత్రలో మనం రోజూ కాల్చుకునే భాగం అది.

దాని ముందు పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, ఇది నిజందేనా అని. జవాబు తేలిక కాదు. అక్కడ దొరికిన ఎముకలు ఒక్క జంతువువి కావు, కనీసం పన్నెండింటివి. వాటిని కూర్చి ఒక రూపం నిలబెట్టారు. పుర్రె దొరకలేదు. తలకు సంబంధించి చేతికందినవి రెండు పళ్లు మాత్రమే. మిగతా తల ఎలా ఉండి ఉంటుందో దాని బంధువర్గపు జంతువులతో పోల్చి ఊహించారు. కచ్చితంగా చెప్పాలంటే, మన ఎదుట నిలబడ్డది ఇదే రూపంలో ఎన్నడూ బతకని జంతువు. వయసు కూడా అంతే. సుమారు 18 కోట్ల ఏళ్లనేవారున్నారు, కొంత తగ్గించేవారున్నారు. ఆ పొరల్లో దొరికిన చేపలు, సూక్ష్మమైన పెంకు జీవులు, పుప్పొడి రేణువుల శిలాజాలను మరోచోటి వాటితో పోల్చి వేసిన అంచనాలవి. అవి ఏళ్ల తరబడి మారుతూ వచ్చాయి.

అలాంటప్పుడు ఇది కూడా శిల్పి ధ్యానశ్లోకం చూసి విగ్రహం చెక్కడం లాంటిదేనా? ఈ అభ్యంతరాన్ని నవ్వి వదిలేయకూడదు. రెండింటిలోనూ కనిపించనిదాన్ని మనిషి ఊహతో పూరించాడు. ఊహ తక్కువరకం పని అనుకోవడం హేతువాదుల్లో కొందరికున్న దురలవాటు. ఊహ లేకపోతే ఆ 840 ముక్కలు ఇప్పటికీ గోనెసంచుల్లోనే ఉండేవి. కానీ రేపు యామనపల్లి పొలంలో ఒక పుర్రె బయటపడిందనుకుందాం. అది ఇప్పుడున్న తలతో సరిపోకపోతే, ఇప్పుడున్న తలను విప్పి పక్కన పెట్టక తప్పదు. యాదగిరి గారి పట్ల గౌరవం తగ్గదు, మ్యూజియం పరువు పోదు, ఎవరి మనోభావాలూ దెబ్బతినవు. విగ్రహానికి ఇలాంటి పరీక్ష పెట్టడం అర్థం లేని పని. అది ఒక వాస్తవం గురించి చేసిన ప్రతిపాదన కాదు, ఒక సంబంధానికి ఇచ్చిన రూపం. విగ్రహాన్ని వాస్తవమని వాదించేవాడూ, అస్థిపంజరాన్ని చివరి మాటగా చూపేవాడూ ఒకే పొరపాటు చేస్తున్నారని మనకు అనిపించాలి.

ఆ ఎముకల ముందు మరో ఆలోచన దానంతట అదే వస్తుంది. ఇన్ని కోట్ల ఏళ్లలో మనమెంత? రాక్షసబల్లులు 16 కోట్ల ఏళ్లకు పైగా భూమి మీద తిరిగాయి. మన జాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్లు. అంతరించిపోయిన జంతువును విఫలమైన జంతువుగా చెప్పుకోవడం మనకు అలవాటు గానీ, ఈ లెక్క ముందు ఆ మాట నోట రావడం కష్టం. దీన్నుంచి చాలామంది వైరాగ్యానికి దిగుతారు. అంతా అల్పం, దేనికీ అర్థం లేదు అంటారు. కానీ ఈ తర్కంలో ఒక మెట్టు తప్పిపోయింది. కాలం పెద్దదైతే మన బతుకు విలువ తగ్గాలని ఎవరన్నారు? పంటినొప్పి 18 కోట్ల ఏళ్ల పక్కన పెడితే తగ్గదు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెడితే దాని మంచితనమూ తగ్గదు. విలువ పొడవును బట్టి రాదని, దాన్ని అనుభవించేవారు ఉండడం వల్ల వస్తుందని మనం అనుకుంటే, ఈ 3 లక్షల ఏళ్లలో మరొకరి బాధ గురించి ఆలోచించి, దాని మీద వాదించుకుని, నియమాలు రాసుకున్న జీవిగా మనకు కొంత బాధ్యత మిగులుతుంది. ఇది కూడా రుజువు కాదు, ఎంపిక. కాకపోతే కారణాలు చెప్పగలిగిన ఎంపిక.

ప్రాణహిత లోయ శిలాజాలను తొలినాళ్లలో సేకరించినవారిలో స్టీఫెన్ హిస్లాప్ ఒకరు. స్కాట్లండ్ నుంచి నాగపూర్ వచ్చిన క్రైస్తవ మిషనరీ ఆయన. 1863లో చనిపోయారు. సువార్త చెప్పడానికి వచ్చిన మనిషి సుత్తి పట్టుకుని రాళ్లు పగలగొట్టాడు, గోండుల పాటలనూ గాథలనూ రాసిపెట్టుకున్నాడు. తన నమ్మకానికి ఆ ఎముకలు అడ్డొస్తాయని వాటిని నేలలోనే వదిలేయలేదు. నమ్మకం ఉన్నవాడు ప్రశ్నించలేడు అనే వాదానికి ఆయన జీవితం జవాబు. నమ్మకమే ప్రశ్నను పుట్టిస్తుంది అనేవారికి మాత్రం అది ఆధారం కాదు. ఆయన తోటి మిషనరీల్లో సుత్తి పట్టనివారే ఎక్కువ మంది.

మన వైపు నుంచి నాస్తికులైన గోరా దంపతులను తలచుకోవాలి. వృక్షశాస్త్రం బోధించిన గోపరాజు రామచంద్రరావు, ఆయన భార్య సరస్వతి. గ్రహణం రోజున కడుపుతో ఉన్న స్త్రీ బయటికి వస్తే బిడ్డకు అవయవలోపం వస్తుందన్న భయం ఇప్పటికీ మన ఇళ్లలో ఉంది. కత్తిపీట ముట్టుకోనివ్వరు, తలుపులు మూసి పడుకోబెడతారు. సరస్వతి గోరా గర్భవతిగా ఉండి గ్రహణాన్ని చూశారు. ఇందులో ధైర్యం కంటే గమనించవలసింది మరొకటి ఉంది. పరీక్ష ఎవరి ఒంటి మీద జరిగింది? తన ఒంటి మీదే, తన ఇష్టంతోనే. కోడలు భయంతో వణుకుతుంటే చెయ్యి పట్టి వాకిట్లోకి లాగే అభ్యుదయవాది సైన్సు ప్రకారం ఒప్పే కావచ్చు, మనిషిగా మాత్రం తప్పు. అత్తగారి భయం వెనక పుట్టబోయే బిడ్డ మీద ప్రేమ ఉంది. ఆ ప్రేమను గౌరవిస్తూనే, ఆ ప్రేమ పేరుతో ఒక స్త్రీని గదిలో బంధించే హక్కును కాదనవచ్చు. 1944లో సేవాగ్రామ్‌లో గాంధీని కలిసినప్పటి నుంచి గోరా ఆ గొప్ప ఆస్తికుడితో ఏళ్ల తరబడి చర్చ సాగించారు. ఇద్దరూ మారలేదు, ఇద్దరూ విడిపోలేదు.

ఇలా ప్రశ్నించి చూడమని మన రాజ్యాంగం కూడా చెబుతుంది. 1976లో 42వ సవరణ అందులో 51ఎ అధికరణాన్ని చేర్చింది. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసను, సంస్కరణ స్ఫూర్తిని పెంపొందించుకోవడం పౌరుడి విధి అని అందులో ఉంది. ఈ నాలుగింటినీ ఒకే వాక్యంలో పెట్టడం బాగుంది. ప్రశ్నించడం, మనిషిని పట్టించుకోవడం వేర్వేరు పనులు కావని ఆ వాక్యానికి తెలుసు. దాన్ని రాసిన కాలం మాత్రం ఎమర్జెన్సీ. పత్రికలపై సెన్సారు, ప్రతిపక్ష నాయకులు జైల్లో. అడగడం నేరమైన రోజుల్లో అడగడం విధిగా మారింది! అలాగని ఆ వాక్యాన్ని తప్పుపట్టలేం, దాన్ని ఎవరు ఎప్పుడు రాశారన్నది దాని నిజానికి కొలత కాదు. ఆ విధిని ఎంతవరకు పాటిస్తున్నామన్నదే ప్రశ్న. 2023లో జాతీయ పదో తరగతి పాఠ్యపుస్తకంలో జీవపరిణామం పాఠం లేకుండా పోయింది. తిరిగి చేర్చాలని 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు చేశారు. ఆ పుస్తకంతోనే సైన్సు చదువు ఆగిపోయే పిల్లలకు పరిణామం గురించి చెప్పే చోటు దాదాపు మ్యూజియం ఒక్కటే. ఆ బరువు మోయడానికి మ్యూజియం సిద్ధంగా ఉండాలి.

సిద్ధంగా ఉండడానికి కోట్లు ఖర్చుపెట్టి కొత్త యంత్రాలు తేనక్కర్లేదు. అస్థిపంజరంలో ఏది తవ్వకంలో దొరికిన ఎముక, ఏది అచ్చు పోసింది, ఏది ఊహించి చేసింది అన్నది మూడు రంగుల్లో, పదేళ్ల పిల్లవాడికి అందే ఎత్తులో, తెలుగులో కనిపించాలి. వయసు అంకె పక్కన అది ఎలా తెలిసిందో రెండు వాక్యాలు ఉండాలి. లోలకం ఉంటే దాని దగ్గర రెండు గంటలు కూర్చోగలిగేలా నాలుగు బల్లలు వేయాలి. అలా చేసిన చోట మ్యూజియం తన మాట నుంచి ఆధారానికి దారి తానే చూపినట్టవుతుంది. చేయని చోట అది కూడా నగారా మోగించి చెప్పే ఫర్మానానే. ఇవన్నీ వచ్చేదాకా మనం చేయగలిగిన పని ఒకటుంది. మీరు పిల్లలను తీసుకుని వెళ్లినప్పుడు గైడును ఆపి, ఇది మీకెలా తెలుసు అని అడగండి, లేదా పిల్లలను అడగనివ్వండి. ఆ ముక్క సంగతి మాకింకా తెలియదమ్మా అని ఆయన నిజం చెబితే, ఆ మాటకు ప్రత్యేకంగా ధన్యవాదాలు చెప్పి రండి.